డిస్ట్రిబ్యూటర్‌ను ఇంకెంత తిప్పాలి?

ప్రశ్న: మాది కార్బురేటర్ ఉన్న పాత నాలుగు సిలిండర్ల పెట్రోలు కారు. ప్లగ్‌లకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ క్యామ్ షాఫ్టు చివర బిగించి ఉంటుంది. టైమింగ్ బెల్టు కాలం తీరిందని గత నెలలో నేనూ మా తమ్ముడూ కలిసి ఇంటి దగ్గరే మార్చాము. గుర్తులు సరిచూసుకునే ఎక్కించాము. అయినా ఆ రోజు నుంచి సెల్ఫ్ చాలాసేపు కొడితే గాని స్టార్ట్ కాలేదు, సైలెన్సర్‌లో టపటపమని పేలుళ్ళు వచ్చాయి. తెలిసిన మెకానిక్ ఒకరు టైమింగ్ లేటయిందని, డిస్ట్రిబ్యూటర్‌ను కాస్త తిప్పమని చెప్పారు. తిప్పగానే స్టార్టింగ్ బాగుపడింది, ఐడిలింగ్ నిలబడింది. కాని ఎత్తు ఎక్కేటప్పుడు మూడో గేరులో బండి లాగడం లేదు. వేగం అందుకున్నాక మాత్రం ఫర్వాలేదు. పెట్రోలు ఎక్కువ తాగుతోంది, ఎత్తులో వేడి ముల్లు కూడా పైకి పోతోంది. డిస్ట్రిబ్యూటర్ బోల్టు ఇప్పటికే గాడి చివరికి వచ్చేసింది. ఆ గాడిని ఆకురాయితో రాసి ఇంకొంచెం తిప్పవచ్చా? ఇంకెంత తిప్పాలి?

సమాధానం: ఆకురాయిని పక్కన పెట్టండి. బోల్టు గాడి చివరికి చేరిందని మీరు ఉత్తరం చివర యథాలాపంగా రాసిన మాటే ఈ సమస్యలో అన్నిటికంటె గట్టి ఆనవాలు. అన్నీ సక్రమంగా ఉన్న ఇంజిన్‌లో స్పార్కు సరిగా కుదిరినప్పుడు ఆ బోల్టు గాడి మధ్యకు కాస్త అటో ఇటో ఉంటుంది. మిగిలిన పొడవు చిన్న చిన్న సర్దుబాట్ల కోసం వదిలినది. ఒక చివరికంటా తిప్పితే గాని ఇంజిన్ దారికి రాలేదంటే, లోపం డిస్ట్రిబ్యూటర్‌లో కాక దానిని తిప్పుతున్న భాగంలో ఉన్నదని అనుమానించాలి. మీ ఇంజిన్‌లో డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పేది క్యామ్ షాఫ్టు, క్యామ్ షాఫ్టును తిప్పేది మీరు గత నెలలో మార్చిన బెల్టు. ఆ బెల్టు ఒక పన్ను తప్పి కూర్చున్నదని నా అంచనా. అంచనా అని ఎందుకు అంటున్నానంటే, దానిని రుజువు చేసుకోకుండా మళ్ళీ బెల్టు విప్పవద్దని చెప్పడానికే ఈ ఉత్తరంలో సగం రాస్తున్నాను.

టైమింగ్ అనే ఒక్క మాటను మనం రెండు వేర్వేరు విషయాలకు వాడుతున్నాము, చిక్కంతా అక్కడే వస్తుంది. పిస్టన్ ఎక్కడ ఉన్నప్పుడు ఏ వాల్వు తెరుచుకోవాలి, ఏది మూసుకోవాలి అన్నది ఒకటి. దానిని బెల్టు నిర్ణయిస్తుంది, పిస్టన్లు తిప్పే ఇరుసైన క్రాంక్ రెండు చుట్లు తిరిగేసరికి వాల్వులను తెరిచే క్యామ్ సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. ప్లగ్‌లో స్పార్కు ఎప్పుడు పడాలన్నది రెండోది; దానిని మీ కారులో డిస్ట్రిబ్యూటర్ నిర్ణయిస్తుంది. డిస్ట్రిబ్యూటర్‌ను ఎంత తిప్పినా రెండోదే మారుతుంది గాని మొదటిదానిలో వెంట్రుకవాసి తేడా కూడా రాదు. మీకు సలహా ఇచ్చిన మెకానిక్ చెప్పిన దానిలో తప్పు లేదు, స్పార్కు నిజంగానే ఆలస్యమయింది. కాని అది ఎందుకు ఆలస్యమయిందో ఆయన అడగలేదు.

స్పార్కు సంగతి ముందు చూద్దాం. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం ముట్టించగానే ఒక్కసారిగా భగ్గుమనదు. ప్లగ్ దగ్గర పుట్టిన మంట సిలిండర్ గోడల దాకా పాకడానికి, మిల్లీసెకన్లలోనే అయినా, కొంత వ్యవధి పడుతుంది. ఐడిలింగ్‌లో నిమిషానికి 900 చుట్లు తిరిగే క్రాంక్ ఒక మిల్లీసెకనులో 5.4 డిగ్రీలు కదిలితే, 3000 చుట్ల దగ్గర అదే మిల్లీసెకనులో 18 డిగ్రీలు కదిలిపోతుంది. అందుకే పిస్టన్ పైకొసకు, అంటే మెకానిక్కులు టీడీసీ అనే చోటికి, చేరకముందే స్పార్కు పడాలి, వేగం పెరిగేకొద్దీ ఇంకా ముందుగా పడాలి. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి కారులో ఈ పనిని డ్రైవరే స్టీరింగు పక్కన ఎడమవైపు ఉండే మీటతో చేసుకోవలసి వచ్చేది. ముందు హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసేటప్పుడు ఆ మీటను వెనక్కి పెట్టడం మరచిపోతే ఇంజిన్ ఎదురు తన్ని చేయి విరిగే ప్రమాదం ఉండేది. మీ డిస్ట్రిబ్యూటర్‌లో ఆ మీట పనిని లోపలి బరువులూ, పక్కన ఉండే వాక్యూమ్ డబ్బా చేస్తాయి.

ఇప్పుడు ఒక పన్ను లెక్క చూడండి. ఉదాహరణకు క్రాంక్ చక్రానికి 20 పళ్ళు, క్యామ్ చక్రానికి 40 పళ్ళు ఉన్నాయనుకుందాం. క్యామ్ చక్రం మీద ఒక పన్ను అంటే క్యామ్‌కు 9 డిగ్రీలు, క్రాంక్ లెక్కలో 18 డిగ్రీలు. బెల్టు ఒక పన్ను వెనకబడితే ప్రతి వాల్వూ 18 డిగ్రీలు ఆలస్యంగా తెరుచుకుని అంత ఆలస్యంగానే మూసుకుంటుంది. డిస్ట్రిబ్యూటర్ కూడా ఆ క్యామ్‌కే తగిలించి ఉంది కనుక స్పార్కు కూడా అదే 18 డిగ్రీలు వెనకబడుతుంది. టీడీసీకి 8 డిగ్రీల ముందు పడవలసిన స్పార్కు టీడీసీ దాటిన 10 డిగ్రీలకు పడుతుంది. బెల్టు మార్చిన రోజున బండి స్టార్ట్ కాకపోవడానికీ, ఇంకా మండుతున్న వాయువు తెరుచుకున్న ఎగ్జాస్ట్ వాల్వు గుండా బయటకు పోయి సైలెన్సర్‌లో పేలడానికీ ఇదే సరిపోతుంది. మీరు డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పి స్పార్కును చాలావరకు ముందుకు తెచ్చారు, అందువల్ల స్టార్టింగ్ బాగుపడింది. గాడి అయిపోయింది కనుక ఇంకా కొన్ని డిగ్రీలు మిగిలిపోయి ఉండవచ్చు, ఎత్తులో వేడి పెరగడానికి అది కూడా ఒక కారణం కావచ్చు. వాల్వులు మాత్రం ఆలస్యమైన చోటనే ఉండిపోయాయి.

వేగం అందుకున్నాక బండి ఫర్వాలేదని మీరు రాశారు, ఆ ముక్క కూడా ఈ లెక్కకు అతికినట్టు సరిపోతుంది. ఇన్‌టేక్ వాల్వు ఆలస్యంగా మూసుకుంటే, తక్కువ వేగంలో పైకి వస్తున్న పిస్టన్ అప్పుడే పీల్చుకున్న మిశ్రమంలో కొంత భాగాన్ని వచ్చిన దారినే వెనక్కి నెడుతుంది. సిలిండర్ సగం కడుపుతో పని చేయవలసి వస్తుంది. వేగం పెరిగినప్పుడు లోపలికి దూసుకొచ్చే గాలి ఊపు ఆ వెనక్కి నెట్టడాన్ని చాలావరకు అడ్డుకుంటుంది. అందుకే వాల్వు టైమింగ్ వెనకబడిన బండి కింది గేర్లలో, ఎత్తు మీద నీరసంగా ఉండి, పై చుట్లలో బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. స్పార్కు ఒక్కటే ఆలస్యమయితే ఈ తేడా ఇంత స్పష్టంగా ఉండదు.

రుజువు దగ్గరకు వద్దాం. విప్పుడు పని ఏదీ లేకుండా చేయగలిగినది కంప్రెషన్ పరీక్ష. ఇంజిన్‌ను కాస్త వేడెక్కించి ఆపి, నాలుగు ప్లగ్‌లూ తీసి, స్పార్కుకు కరెంటునిచ్చే కాయిల్‌కు వచ్చే తీగ విడదీసి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి పట్టుకుని, ఒక్కొక్క సిలిండర్‌కు కంప్రెషన్ గేజ్ పెట్టి నాలుగైదు సెకన్లు సెల్ఫ్ కొట్టండి. బ్యాటరీ నిండుగా ఛార్జి అయి ఉండాలి, లేకపోతే చివరి సిలిండర్ వచ్చేసరికి అంకెలు అబద్ధం చెబుతాయి. ఒకటి మాత్రమే తక్కువ చూపితే అది ఆ సిలిండర్ వాల్వుదో రింగులదో సొంత జబ్బు. నాలుగూ దాదాపు ఒకే అంకె దగ్గర, కాని మాన్యువల్ చెప్పినదానికంటె బాగా తక్కువగా ఉంటే, అనుమానం బెల్టు మీదికి పోవాలి. నాలుగు సిలిండర్ల రింగులూ సమానంగా అరిగినా ఇలాగే కనిపిస్తుంది కనుక, ప్రతి సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ వేసి మళ్ళీ కొలవండి. అంకె గట్టిగా పెరిగితే రింగులు. దాదాపు కదలకపోతే వాల్వులు లేదా వాటి టైమింగ్. ఈ అంకెలను ఒక కాగితం మీద రాసి ఉంచండి, పని అయ్యాక మళ్ళీ కావాలి.

వాక్యూమ్ గేజ్ దొరికితే ఇంకో సాక్ష్యం చేతికొస్తుంది. దానిని కార్బురేటర్ కింద ఉండే ఇన్‌టేక్ గొట్టానికి కలిపి ఐడిలింగ్‌లో చూస్తే, సముద్రమట్టానికి దగ్గరి ప్రాంతాల్లో ఆరోగ్యమైన ఇంజిన్ పాదరసం లెక్కలో 17 నుంచి 21 అంగుళాల దగ్గర ముల్లును నిలకడగా ఉంచుతుంది; ఎత్తైన ప్రాంతాల్లో ప్రతి 1000 అడుగులకు సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. ముల్లు ఊగకుండా, వణకకుండా, కాని బాగా కిందనే నిలిచి ఉంటే వాల్వు టైమింగ్ వెనకబడిందన్న అనుమానం బలపడుతుంది. ఎక్కడో గాలి లీకు ఉన్నా ముల్లు ఇలాగే కిందనే నిలబడుతుంది కనుక, కార్బురేటర్ కింది గాస్కెట్‌నూ చీలిన రబ్బరు గొట్టాలనూ ముందుగా చూసుకోండి.

తర్వాత కళ్ళతో చూడవలసిన పని. బండిని చదునైన చోట నిలిపి, న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, చక్రాలకు అడ్డం పెట్టి, తాళం చెవిని జేబులో వేసుకుని, బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయండి. ప్లగ్‌లు నాలుగూ తీసి ఉంటే క్రాంక్ పుల్లీ బోల్టుకు స్పానర్ పెట్టి ఇంజిన్‌ను దాని మామూలు దిశలో చేత్తో తిప్పడం తేలిక. క్యామ్ బోల్టుతో ఇంజిన్‌ను తిప్పవద్దు, ఆ భారం బెల్టు మోయవలసినది కాదు. ఒకటో సిలిండర్ ప్లగ్ రంధ్రం మీద బొటనవేలు అదిమి పెట్టి తిప్పుతుంటే, కంప్రెషన్ స్ట్రోక్‌లో గాలి వేలిని పైకి తోసేస్తుంది. అక్కడి నుంచి నెమ్మదిగా తిప్పి టీడీసీకి తేవాలి.

ఈ టీడీసీని పుల్లీ మీది గుర్తును చూసి నమ్మకండి, విడిగా కనుక్కోండి. చాలా పుల్లీలు లోపలి ఇనుప భాగం, బయటి ఇనుప వలయం, ఆ రెంటి మధ్య అతికించిన రబ్బరుతో తయారవుతాయి. ఏళ్ళు గడిచి రబ్బరు పట్టు వదిలితే బయటి వలయం మెల్లగా జారిపోతుంది, గుర్తు కూడా దానితోనే జారుతుంది. ఈ పని నేర్చుకునే రోజుల్లో నేను అటువంటి పుల్లీ గుర్తును నమ్మి ఒక మధ్యాహ్నమంతా మంచి బెల్టును మూడుసార్లు విప్పి బిగించాను. నాలుగోసారి గాని పుల్లీని అనుమానించాలని తోచలేదు.

నిజమైన టీడీసీని కనుక్కోవడానికి ఖరీదైన పరికరం అక్కరలేదు. విరగని, గీతలు పెట్టని సన్నటి పొడవైన ప్లాస్టిక్ పుల్ల ఒకటి ప్లగ్ రంధ్రంలో నిలువుగా దించి పిస్టన్ తల మీద ఆనించండి. రంధ్రం ఏటవాలుగా ఉంటే పుల్ల అడ్డం పడి ఇరుక్కోకుండా వేళ్ళతో వదులుగా పట్టుకోవాలి, లోపలికి జారిపోనంత పొడవు ఉండాలి. క్రాంక్‌ను తిప్పుతుంటే పుల్ల పైకి లేస్తుంది, పైకొస దగ్గర కొన్ని డిగ్రీల పాటు కదలనట్టే నిలిచిపోతుంది, తర్వాత దిగుతుంది. ఆ నిలిచిన చోటనే కన్ను మోసపోతుంది. కనుక పైకొసను వెతకకండి. పుల్ల మీద కొసకు కొంచెం కింద ఒక గీత గీసి, ఎక్కేటప్పుడు ఆ గీత రంధ్రం అంచుకు వచ్చిన క్షణంలో పుల్లీ మీద సుద్దతో ఒక గుర్తు, దిగేటప్పుడు అదే గీత మళ్ళీ అంచుకు వచ్చినప్పుడు ఇంకో గుర్తు పెట్టండి. ఆ రెండు గుర్తులకు సరిగ్గా మధ్యబిందువే టీడీసీ. అది పుల్లీ పాత గుర్తుతో కలిస్తే పుల్లీ మంచిదే. కలవకపోతే పుల్లీ మార్చేదాకా, స్పార్కు పడినప్పుడల్లా వెలిగే టైమింగ్ లైటు చెప్పేదేదీ పనికిరాదు. దిగేటప్పటి గుర్తు కోసం క్రాంక్ టీడీసీ దాటిపోయి ఉంటుంది. వెనక్కి తిప్పకుండా ముందుకే రెండు చుట్లు తిప్పి మధ్యబిందువు దగ్గర ఆపండి.

ఇంజిన్ కంప్రెషన్ టీడీసీలో ఉండగా డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, లోపల తిరిగే రోటర్ ఒకటో సిలిండర్ తీగ వైపు చూస్తోందా అని చూసుకోవడం అందరూ చెప్పే పరీక్షే. మీ విషయంలో అది మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. రోటర్ తొమ్మిది డిగ్రీలు వెనకబడి ఉంటే, మీరు డిస్ట్రిబ్యూటర్ ఒంటిని కూడా దాదాపు అంతే వెనక్కి తిప్పారు కనుక రెండూ ఒకదానికొకటి చక్కగా ఎదురుగానే కనిపిస్తాయి. అబద్ధం చెప్పలేనిది క్యామ్ చక్రం మీది గుర్తు ఒక్కటే. బెల్టు పై కవరు మాత్రం తీసి, ఆ గుర్తు సిలిండర్ హెడ్ మీది గుర్తుకు ఎదురుగా ఉందో లేదో, కన్నును దాని ఎదురుగా నిలిపి చూడండి. పక్క నుంచి వంగి చూస్తే అర పన్ను తేడా కంటికి లేనిపోనిది పుడుతుంది. ఒక పన్ను తప్పిందంటే, పళ్ళ మధ్య దూరం సాధారణంగా 8 లేదా 9.5 మిల్లీమీటర్లు ఉంటుంది కనుక, గుర్తు అంత మేర పక్కకు కనిపించి సందేహానికి తావివ్వదు. కొన్ని క్యామ్ చక్రాలను రెండు మూడు రకాల ఇంజిన్లకు వాడడం వల్ల ఒకటి కంటె ఎక్కువ గుర్తులు ఉంటాయి, మీ ఇంజిన్‌కు ఏది వర్తిస్తుందో మాన్యువల్‌లో చూసుకోండి.

గుర్తులు సరిచూసుకునే ఎక్కించామని మీరు రాశారు, నేను నమ్ముతాను. ఈ పొరపాటు గుర్తులు చూడనివారికి కాదు, ఎక్కువగా బెల్టులోని వదులును ఎక్కడ వదిలారో చూసుకోనివారికి జరుగుతుంది. క్రాంక్ చక్రం నుంచి క్యామ్ చక్రానికి పోయే రెండు పాయలలో ఒకదానిని క్రాంక్ లాగుతుంది, రెండోదాని మీద బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్ ఉంటుంది. లాగే పాయ ముందే బిగువుగా ఉండి, వదులంతా టెన్షనర్ వైపుకే చేరాలి. లాగే పాయలో వదులు మిగిలిపోతే, గుర్తులు అప్పటికి కలిసినట్టే కనిపిస్తాయి. ఇంజిన్ కదలగానే క్రాంక్ ముందు ఆ వదులును పీల్చుకుని తర్వాత గాని క్యామ్‌ను లాగదు, క్యామ్ అంత మేర వెనకబడిపోతుంది. మీ బండి లక్షణాలన్నీ క్యామ్ వెనకబడిన వైపే చూపిస్తున్నాయి కనుక జరిగింది ఇదేనని నాకు తోస్తోంది.

సరిచేయడానికి క్రాంక్ పుల్లీ, కింది కవరు కూడా తీయాలి. క్రాంక్ గుర్తును పుల్లీ మీద కాక దాని వెనక ఉన్న పళ్ళ చక్రం మీద చూడాలి. టెన్షనర్‌ను వదులు చేసి, బెల్టును క్యామ్ చక్రం నుంచి తప్పించి, క్యామ్‌ను ఆ ఒక్క పన్ను మేర మాత్రమే ముందుకు జరపండి. బెల్టు లేని ఈ కాసేపే మొత్తం పనిలో ప్రమాదకరమైనది: పిస్టనూ తెరుచుకున్న వాల్వూ ఒకే చోటికి రాగలిగిన ఇంజిన్లలో క్రాంక్‌నో క్యామ్‌నో విడిగా గట్టిగా తిప్పితే వాల్వు కాడ వంగిపోతుంది. చేతికి గట్టి వస్తువు తగిలినట్టు అనిపిస్తే బలం పెంచకుండా అక్కడే ఆగి, వెనక్కి వచ్చి, కారణం వెతకాలి. వాల్వు స్ప్రింగుల వల్ల క్యామ్ తనంతట తాను గెంతినట్టు కొంచెం కదలవచ్చు, దానిని స్పానర్‌తో పట్టుకుని నెమ్మదిగా తేవాలి.

నెల రోజుల బెల్టు మడత పడకుండా, ఆయిల్ తగలకుండా ఉంటే మళ్ళీ వాడుకోవచ్చు. క్రాంక్ చక్రం దగ్గర మొదలుపెట్టి, లాగే పాయను బిగువుగా పట్టి క్యామ్ చక్రానికి ఎక్కించి, చివరగా బెల్టును టెన్షనర్ మీదుగా తీసుకురండి. టెన్షనర్‌ను మాన్యువల్ చెప్పిన పద్ధతిలో బిగించాక, తప్పనిసరిగా చేత్తో క్రాంక్‌ను రెండు పూర్తి చుట్లు తిప్పి మళ్ళీ టీడీసీకి తెచ్చి గుర్తులు చూడండి. ఈ రెండు చుట్ల తర్వాత కలిసిన గుర్తులే లెక్క. అంతకుముందు కలిసినవి లెక్కలోకి రావు. తప్పితే విసుక్కోకుండా మళ్ళీ మొదటి నుంచి చేయాలి. బెల్టు మరీ బిగువైతే ఇంజిన్ నడిచేటప్పుడు సన్నగా ఈల వేసినట్టు మోగుతుంది, వదులైతే కవరుకు తగిలి చప్పుడు చేస్తుంది, రెండూ పనికిరావు.

అప్పటిదాకా డిస్ట్రిబ్యూటర్ దగ్గరకు రావద్దు. దానిలో పాయింట్లు, అంటే తెరుచుకుని స్పార్కు పుట్టించే చిన్న లోహపు ముక్కలు, ఉంటే ఫీలర్ గేజ్‌తో ముందు వాటి ఖాళీ సరిచేయాలి, ఎందుకంటే ఖాళీ పెరిగితే పాయింట్లు ముందుగా తెరుచుకుంటాయి, తగ్గితే ఆలస్యంగా తెరుచుకుంటాయి, అంటే ఖాళీ మారిన ప్రతిసారీ స్పార్కు కూడా మారుతుంది. తర్వాత బోల్టును గాడి మధ్యకు తెచ్చి పెట్టుకుని, బ్యాటరీ తీగ కలిపి, ఇంజిన్ నడవకుండానే పరీక్ష బల్బుతో టైమింగ్ పెట్టండి. 12 వోల్టుల బల్బు ఒక కొసను కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు పోయే తీగ దగ్గర, రెండో కొసను ఎర్త్‌కు కలిపి, తాళం తిప్పి కరెంటు ఇవ్వండి. పాయింట్లు మూసి ఉన్నంతసేపు బల్బు వెలగదు, తెరుచుకున్న క్షణంలో వెలుగుతుంది. పుల్లీ గుర్తు మాన్యువల్ చెప్పిన డిగ్రీ దగ్గర ఉండగా బల్బు అప్పుడే వెలిగేలా డిస్ట్రిబ్యూటర్‌ను సర్దాలి. రోటర్ తిరిగే దిశకు ఎదురుగా తిప్పితే స్పార్కు ముందుకు వస్తుంది. డిస్ట్రిబ్యూటర్ మీద ఒక డిగ్రీ క్రాంక్ మీద రెండు డిగ్రీలు కనుక వేలెడు కాదు, గోరంత కదిలిస్తే చాలు. కరెంటు ఇచ్చి పాయింట్లు మూసి ఉంచి ఎక్కువసేపు వదిలేస్తే కాయిల్ కాలిపోతుంది, పని అయిన వెంటనే తాళం తీయండి. ఎలక్ట్రానిక్ డిస్ట్రిబ్యూటర్లకు ఈ బల్బు పద్ధతి వర్తించదు.

ఇక ప్లగ్‌లు బిగించి స్టార్ట్ చేసి, ఇంజిన్ వేడెక్కాక టైమింగ్ లైటుతో ఖరారు చేసుకోవాలి. లైటు క్లిప్పు ఒకటో సిలిండర్ ప్లగ్ తీగకు పెట్టి, వాక్యూమ్ గొట్టాన్ని డబ్బా నుంచి తీసి దాని మూతిని మూసి, ఐడిలింగ్ మాన్యువల్ చెప్పిన చుట్ల దగ్గర ఉందని చూసుకుని కొలవండి. ఈ లైటుతో ఒక పెద్ద మోసం ఉంది: అది వెలిగే లయకు తిరుగుతున్న పుల్లీ ఆగిపోయినట్టే కనిపిస్తుంది, ఆగిందనుకుని చేయి పెడితే వేళ్ళు పోతాయి. వదులు చేతులున్న చొక్కా, కండువా, వేలాడే తీగ ఏవీ దగ్గరకు రానివ్వకండి, గదిలో కాక గాలి ఆడే చోట ఇంజిన్ నడపండి. నెమ్మదిగా వేగం పెంచితే గుర్తు ముందుకు జరుగుతూ పోయి, వేగం తగ్గిస్తే తిరిగి అదే చోటికి రావాలి. మధ్యలో గెంతినా, తిరిగి రాకపోయినా లోపలి బరువులు తుప్పు పట్టాయన్న మాట. వాక్యూమ్ డబ్బాను పరీక్షించడానికి ఇంజిన్ ఆపి, మూత తీసి, గొట్టాన్ని నోటితో పీల్చి నాలుకతో మూయండి: లోపలి పలక కదిలి అక్కడే నిలవాలి. గాలి వస్తూనే ఉంటే లోపలి పొర చిరిగింది. ఎత్తులో లాగకపోవడానికి కాకపోయినా, పెట్రోలు ఎక్కువ తాగడానికి అది కూడా ఒక కారణం అవుతుంది.

బండి మీద భారం పడినప్పుడు ఇంజిన్‌లో గులకరాళ్ళు డబ్బాలో కదిపినట్టు చప్పుడు వస్తే స్పార్కు మరీ ముందుకు పోయిందని అర్థం, దానిని కాస్త వెనక్కి తేవాలి. టైమింగ్ లైటు సరిగానే చూపిస్తున్నా ఆ చప్పుడు ఆగకపోతే సిలిండర్‌లో పేరుకున్న మసినో, వేడినో, పెట్రోలు తక్కువైన మిశ్రమాన్నో వెతకాలి గాని దానిని డిస్ట్రిబ్యూటర్‌తో కప్పిపుచ్చకూడదు.

డిస్ట్రిబ్యూటర్ లేని కొత్త కార్లున్న పాఠకులు కూడా టైమింగ్ ఎలా తిప్పాలని తరచు అడుగుతున్నారు కనుక వారికి రెండు మాటలు. ఆ కార్లలో స్పార్కును కంప్యూటర్ క్రాంక్ సెన్సార్‌ను చూసి నిర్ణయిస్తుంది, తిప్పడానికి ఏమీ ఉండదు. స్కానర్‌లో పి0016 కోడ్ వస్తే క్రాంక్, క్యామ్ ఒకదానితో ఒకటి పొసగడం లేదని కంప్యూటర్ చెబుతోంది. వెంటనే సెన్సార్ మార్చేయకుండా, ఇంజిన్ ఆయిల్ మట్టం, దాని చిక్కదనం ముందు చూడండి, ఎందుకంటే వాల్వు టైమింగ్‌ను మార్చే ఏర్పాటు చాలా ఇంజిన్లలో ఆయిల్ ఒత్తిడితోనే పని చేస్తుంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో గొలుసు గలగలమంటే టైమింగ్ చైన్ కీళ్ళు అరిగి పొడవు పెరిగి ఉండవచ్చు, లేదా దాని టెన్షనర్ బలహీనపడి ఉండవచ్చు. కొన్ని ఇంజిన్లలో క్రాంక్ చక్రానికి తాళపు కీ ఉండదు, బోల్టు బిగువు ఒక్కటే దానిని పట్టుకుంటుంది. అటువంటి వాటిని బిగించే ప్రత్యేక పనిముట్లు లేకుండా ఇంటి దగ్గర విప్పడాన్ని నేను ప్రోత్సహించను.

మీ బండి విషయానికి వస్తే, పని ముగిశాక మళ్ళీ కంప్రెషన్ కొలిచి ముందు రాసిపెట్టిన కాగితం పక్కన పెట్టి చూడండి, నాలుగు అంకెలూ కలిసి పైకి లేవాలి. మూడు లేచి ఒకటి లేవకపోతే ఆ సిలిండర్ వాల్వు ఇప్పటికే దెబ్బతిని ఉండవచ్చు, అక్కడితో ఇంటి పని ఆపి హెడ్ విప్పగల మెకానిక్‌కు అప్పగించండి. నాలుగూ లేచి, లైటు దగ్గర గుర్తు సరిపోయాక, డిస్ట్రిబ్యూటర్ బోల్టు గాడిలో ఎక్కడ ఉందో ఒకసారి వంగి చూడండి. మధ్యకు దగ్గరగా ఉంటే బిగించి, డిస్ట్రిబ్యూటర్ ఒంటి మీదనుంచి ఇంజిన్ మీదికి మొనదేలిన పనిముట్టుతో ఒక సన్నటి గీత గీయండి. ఈసారి బెల్టు మార్చినప్పుడు ఆ గీత రెండు ముక్కలూ ఎదురెదురుగా ఉండగా స్పార్కు సరిపోకపోతే, డిస్ట్రిబ్యూటర్ జోలికి పోకుండా నేరుగా బెల్టు కవరు విప్పవచ్చు.